ఓడలో సాయంత్రం ఆరు దాటాక



విశాఖలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన మన తమ్ముడొకడికి క్రూయిజ్ షిప్పులో ఉద్యోగం వచ్చింది. అసిస్టెంట్ వెయిటర్. ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్లాడు. జాయినింగ్ లెటర్‌తో పాటు వచ్చిన కాగితాలన్నీ ఫోటోలు తీసి నాకు పంపించి, "అన్నా, ఇందులో ఫార్మల్ నైట్ అని రాశారు. ఆ రోజు మనమేం చెయ్యాలి? అసలు సముద్రం మధ్యలో కోటు ఎందుకన్నా?" అని అడిగాడు. నేను ఉద్యమంలోకి రాకముందు రెండు కాంట్రాక్టులు ఓడలో పనిచేశానని మీలో కొందరికి తెలుసు. వాడికి ఫోన్లో ఓ పది నిమిషాలు చెప్పాను. చెప్పకుండా మిగిలిపోయింది చాలా ఉంది. అది ఈ వారం రాస్తున్నా. పొడుగెక్కువ, తీరిక చూసుకుని చదవండి.

క్రూయిజ్ సంగతి తెలియని పిల్లలకు ముందు రెండు ముక్కలు. అది మనల్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే ఓడ కాదు. తిరగడం కోసమే తిరిగే ఓడ. నీళ్ళ మీద తేలే పెద్ద హోటల్ అనుకోండి. రెండు మూడు వేలమంది ప్రయాణికులు, వాళ్ళ సేవకి వెయ్యిమంది దాకా మేము. పొద్దున ఓ రేవులో దింపుతారు, సాయంత్రానికి ఎక్కించుకుంటారు. ఏ రేవూ తగలని రోజులు కొన్ని ఉంటాయి, వాటిని సీ డే అంటారు. వారం రోజుల ప్రయాణంలో మాకు రెండు ఫార్మల్ నైట్‌లు ఉండేవి, ఎక్కువగా సీ డే రోజునే పెట్టేవాళ్ళు. ఎందుకంటే ఆ రోజు ఎవరూ ఊళ్ళు తిరిగి అలిసిపోయి రారు. ముస్తాబవడానికి మధ్యాహ్నమంతా ఖాళీ. సెలూన్లో జుట్టు చేయించుకుంటారు, కోటు తెచ్చుకోనివాళ్ళు అద్దెకు తీసుకుంటారు, మెట్ల దగ్గర నిలబడి ఫోటోలు దిగుతారు, ఆ ఫోటోలు మర్నాడు కంపెనీ వాళ్ళకే అమ్ముతుంది. మర్యాద కింద కూడా ఓ గల్లాపెట్టె ఉంటుంది.

ఈ ఆనవాయితీని ఇప్పటికీ గట్టిగా పట్టుకుని ఉన్నది క్యునార్డ్ అనే పాత బ్రిటిష్ కంపెనీ. 2004లో మొదటి ప్రయాణం చేసిన క్వీన్ మేరీ 2 వాళ్ళదే. అందులో సాయంత్రం ఆరు దాటితే లెక్క మారిపోతుంది. గాలా ఈవెనింగ్ రోజున మగవాళ్ళకు డిన్నర్ జాకెట్టో, ముదురు రంగు సూటో, మెడకు టై. ఆడవాళ్ళకు గౌను లాంటిది. ఓ రాత్రి నలుపూ తెలుపూ, ఓ రాత్రి ఎరుపూ బంగారమూ, ఓ రాత్రి ముఖానికి మాస్కు. వేసుకోనంటే ఓడలోంచి గెంటెయ్యరు. బఫేకి వెళ్ళు, పబ్బుకి వెళ్ళు అంటారు. పెద్ద డైనింగ్ హాలు వైపు మాత్రం రావద్దంటారు.

అక్కడితో అయిపోలేదు. ఆ ఓడలో ఎక్కువమంది తినేది బ్రిటానియా రెస్టారెంట్‌లో. ఖరీదైన గదులవాళ్ళకు ప్రిన్సెస్ గ్రిల్, అంతకంటే ఖరీదైన గదులవాళ్ళకు క్వీన్స్ గ్రిల్ వేరేగా ఉన్నాయి. ఎంత గొప్ప సూటు తొడుక్కున్నా బ్రిటానియా గదివాడు క్వీన్స్ గ్రిల్‌లో కూర్చోలేడు. బట్ట ఒక గేటు, గది ఇంకో గేటు. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. పత్రికల్లో వ్యాసాలు కూడా వస్తాయి, షార్ట్స్ వేసుకోవచ్చా వద్దా అని. రెండోదాని గురించి పెద్దగా ఎవరూ గొడవపడరు. డబ్బు కట్టాడు, వెళ్ళాడు, అంతే కదా అంటారు.

టక్సీడో అనే పేరు ఎక్కడిదో కూడా తెలుసుకోండి. న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే ధనవంతుల కాలనీ ఉంది. 1886 ప్రాంతంలో అక్కడి క్లబ్బు కుర్రాళ్ళు తోకల కోటు మానేసి పొట్టి జాకెట్ వేసుకోవడం మొదలుపెట్టారని చెప్తారు. అంటే ఆ రోజుల్లో అది కాస్త సడలించిన వేషం, ఇవాళ్టి జీన్స్ లాంటిదన్నమాట! టక్సీడో అనే మాట ఆ నేల మీద అంతకుముందు బతికిన ఆదివాసుల భాషలోంచి వచ్చింది. నేల పోయింది. పేరు మాత్రం జాకెట్ మీద మిగిలింది.

ఇక మా సంగతి. నేను పనిచేసింది ఇంకో కంపెనీలో, పేరెందుకులెండి. ఓడ అడుగు అంతస్తుల్లో ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే పొడుగాటి దారి ఉంటుంది. సరుకులూ చెత్తా మనుషులూ అన్నీ దాంట్లోంచే. అమెరికన్ ఓడల్లో దాన్ని ఐ-95 అంటారు, వాళ్ళ పెద్ద హైవే పేరు. బ్రిటిష్ ఓడల్లో బర్మా రోడ్ అంటారు. సామ్రాజ్యం పోయి ఇన్నేళ్ళయినా నౌకర్లు నడిచే దారికి ఆ పేరు పోలేదు. మా గదులు అక్కడే. రెండు మంచాలు ఒకదాని మీద ఒకటి, కిటికీ ఉండదు.

ఫార్మల్ నైట్ రోజు మేం మధ్యాహ్నం నుంచే నిలబడేవాళ్ళం. తెల్ల చొక్కా, నల్ల వెయిస్ట్‌కోట్, బో టై. హాలు తలుపులు తీసేముందు వరసలో నిలబెట్టి గోళ్ళు చూసేవాళ్ళు, గడ్డం చూసేవాళ్ళు, బూట్ల మెరుపు చూసేవాళ్ళు. అంతా అయ్యాక ఛాతీ మీద బ్యాడ్జి. దాని మీద మన పేరు, దాని కింద దేశం. ఇండియా. అంతే. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, వాడ లేదు. మొదటిరోజు ఆ బ్యాడ్జిని అద్దంలో చాలాసేపు చూసుకున్నాను. మా పల్లెలో పుట్టినవాణ్ణి చూసి ఎవరైనా ముందు దేశం పేరు చదువుతారని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకో తమాషా. తలుపులు తీశాక లోపలికి వచ్చే దొరలూ నలుపూ తెలుపే, బో టైనే. మేమూ నలుపూ తెలుపే, బో టైనే. దూరం నుంచి చూస్తే ఎవరు తినేవాళ్ళో ఎవరు పెట్టేవాళ్ళో తెలియదు. మరి తేడా దేంతో తెలుస్తుంది? ఒంటి రంగుతో. 2014లో ఒబామా దంపతులు ఒక పత్రిక ఇంటర్వ్యూలో చెప్పారు. ఆయన ప్రెసిడెంట్ కాకముందు ఓ విందులో టక్సీడో వేసుకుని నిలబడి ఉంటే ఎవరో వచ్చి కాఫీ తెమ్మన్నారట. అదే బట్ట తెల్లవాడి మీద ఉంటే అతిథి, నల్లవాడి మీద ఉంటే వెయిటర్. మా హాల్లో కూడా సూటులో వచ్చిన నల్లజాతి ప్రయాణికుణ్ణి వైన్ తెమ్మని అడిగిన ముసలావిడను నేను చూశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. నా వైపు చెయ్యి చూపించి, "ఆ అబ్బాయిని అడగండమ్మా" అన్నాడు. ఆ నెమ్మది వెనక ఎన్నేళ్ళ అలవాటు ఉందో అనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

రెండో కాంట్రాక్టులో నా టేబుల్ దగ్గరికి ఓ తెలుగు కుటుంబం వచ్చింది. అమెరికాలో కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నా. ఫార్మల్ నైట్ రోజు కొడుకు సూటులో, కోడలు పట్టుచీరలో వచ్చారు. (చీరకి ఏ ఓడలోనూ అడ్డు పడగా నేను చూడలేదు. ఇబ్బందంతా మగవాళ్ళకే.) పెద్దాయన మాత్రం తెల్లటి గ్లాస్కో పంచె, లాల్చీ, భుజం మీద జరీ అంచు కండువాతో వచ్చాడు. తలుపు దగ్గర మా హాలు మేనేజర్ ఆపాడు. ఆయన యూరప్ మనిషి. కోటు లేనివాళ్ళకి తొడగడానికి అక్కడే ఓ అలమారులో రకరకాల కొలతల కోట్లు ఉండేవి. ఒకటి తియ్యబోయాడు. కొడుకు గబగబా "ఇది మా జాతీయ దుస్తులు" అన్నాడు. కంపెనీ రూల్సులో ఫార్మల్ జాతీయ దుస్తులు అయితే సరేనని ఉంది. మేనేజర్‌కి పంచె సంగతి ఏం తెలుస్తుంది? అటూ ఇటూ చూసి నన్ను పిలిచాడు. "నువ్వు ఇండియా కదా. చెప్పు. ఇది మీ దగ్గర ఫార్మలేనా?"

మా తాత సంగతి ఒక్కసారి చెప్పాలి ఇక్కడ. ఆయనకు ఒకటే కండువా ఉండేది. పెద్ద బజారు మొదట్లోకి రాగానే భుజం మీద నుంచి తీసి నడుముకి కట్టుకునేవాడు, చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. బజారు దాటాక మళ్ళీ కండువా భుజానికి, చెప్పులు కాళ్ళకి. ఇది ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు. ఏ ఊళ్ళోనూ రాసి ఉండదు. పంచె మోకాళ్ళ కిందికి దిగకూడదని కూడా రాసి ఉండదు. తెల్లగా గంజిపెట్టిన గ్లాస్కో పంచె మడమల దాకా వేలాడితే అది ఎవరిదో, గోచీలా ఎగ్గట్టింది ఎవరిదో మా నాయనమ్మ కూడా మైలు దూరం నుంచి చెప్పేది. అలాంటి ఇంటినుంచి వచ్చిన నన్ను, ఆ పంచె మర్యాదైన బట్టేనా అని కరీబియన్ సముద్రంలో సాక్ష్యం అడుగుతున్నారు.

"అవును సార్. మా వైపు ఇంతకంటే ఫార్మల్ లేదు" అన్నాను. అబద్ధం కాదుగా.

లోపలికి పంపించారు. పెద్దాయన సంతోషించాడు. కూర్చోగానే, "మంచి మాట సాయం చేశావు బాబూ. ఏ ఊరు మీది?" అన్నాడు. మండలం పేరు చెప్పాను. ఆ మండలంలో ఆయనకు చుట్టాలున్నారు. ఊరి పేరు అడిగాడు. చెప్పాను. "ఊళ్ళో ఎక్కడ?" అన్నాడు. మీకు తెలుసు ఈ ప్రశ్నకు అర్థం. "మాలపల్లి సార్" అన్నాను. "ఊఁ" అన్నాడు. కొడుకు మెనూ తీసి, "నాన్నా, సూప్ ఏం తీసుకుంటావు" అని ఇంగ్లీషులోకి మళ్ళించాడు.

ఆయన టేబుల్ మార్చమనలేదు. ప్లేటు ముట్టుకోకుండా లేచిపోలేదు. సినిమాల్లో జరిగేదేదీ జరగలేదు. మర్నాడు సాయంత్రం నేను నీళ్ళ జగ్గుతో వెళ్ళేసరికి, "ఏరా, ముందు కాసిని వేడినీళ్ళు పట్రా" అన్నాడు. నిన్నటి బాబు ఇవాళ ఏరా అయ్యాడు. నా ఒంటిమీద అదే వెయిస్ట్‌కోట్, అదే బో టై, బ్యాడ్జి మీద అదే ఇండియా. ఆ మిగిలిన అన్ని రాత్రులూ అంతే. నేను సార్ అనే అన్నాను, ఉద్యోగం కాబట్టి. చివరి రాత్రి కొడుకు నా ముఖంలోకి చూడకుండా చేతిలో కవరు పెట్టాడు. మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువే ఉంది. తీసుకున్నాను. ఆ ఉద్యోగంలో జీతం కంటే టిప్పుదే బరువు, ఇంటికి పంపేది ఆ డబ్బే.

ఆ అలమారు గురించి తరవాత చాలాసార్లు ఆలోచించాను. ఓడ డ్రెస్ కోడ్ కాగితం మీద రాసి ఉంది. ప్రయాణానికి ముందే చదువుకోవచ్చు. నచ్చకపోతే బఫేకి పోవచ్చు. కోటు లేకపోతే అలమారులోంచి ఇస్తారు. నేనే ఎంతమందికి తొడిగానో, భుజాలు సరిచేశానో. మూడు గంటలు వేసుకుని తిరిగిచ్చేస్తారు, ఇక ఆ మనిషిని ఎవరూ ఏమీ అనరు. ఆ పెద్దాయన నాకు పెట్టిన కోడ్‌కి మాత్రం ఏ అలమారులోనూ కోటు లేదు.

అలాగని ఓడ పద్ధతిని మెచ్చుకుంటున్నానని అనుకోకండి. ఈ ముక్కలన్నీ ఓసారి ఓ వామపక్ష మిత్రుడికి చెప్తే, "ఈ సూట్లూ బూట్లూ వలస బానిసత్వం కామ్రేడ్, అన్నీ తగలబెట్టాలి" అన్నాడు. ఆయన మంచివాడు. ఇస్త్రీ లేని చొక్కా, అరిగిన చెప్పులు, భుజానికి సంచి. ఏ సభకైనా అలాగే వస్తాడు. ఏ గేటు దగ్గరా ఆయన్ని ఎవరూ ఆపరు. ఆయన నాన్నగారు ప్రొఫెసర్, ఆయన ఇంటిపేరు చెప్తే సగం ఊరికి తెలుసు. నేను అదే చొక్కాతో అదే గేటు దగ్గరికి వెళ్తే "ఎవరు కావాలి?" అంటారు. అందుకే నేను ఇస్త్రీ చేసుకుంటాను. ఇప్పటికీ.

గాంధీగారు 1888లో ఇంగ్లండుకి ఓడెక్కినప్పుడు దారంతా నల్ల సూటు వేసుకుని, దిగేటప్పుడు వేసుకోవాలని తెల్ల ఫ్లానెల్ సూటు దాచుకున్నారు. తీరా రేవులో దిగి చూస్తే సెప్టెంబరు చివర్లో అలాంటి తెల్లబట్టలు వేసుకున్నది ఆయనొక్కడే, సిగ్గుతో చచ్చిపోయానని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. నాకు ఆ ముక్క ఇష్టం. కొత్త ఊళ్ళో ఏ బట్ట వేసుకోవాలో తెలియని కుర్రాడు మనకు తెలిసినవాడే. 1921లో మదురైలో ఆయన చొక్కా వదిలేసి కొల్లాయికి వచ్చారు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి రాజపుతానా ఓడలో ఆ కొల్లాయితోనే వెళ్ళారు, బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజుగారిని ఆ బట్టతోనే కలిశారు. లోకమంతా మెచ్చుకుంది. తిట్టినవాళ్ళు కూడా చూడకుండా ఉండలేకపోయారు.

అంతకు ముందు ఏడాదే, 1930 అక్టోబరులో, బొంబాయి నుంచి వైస్రాయ్ ఆఫ్ ఇండియా అనే ఓడ ఎక్కి మొదటి రౌండ్ టేబుల్‌కి వెళ్ళారు బాబాసాహెబ్. పీ అండ్ ఓ కంపెనీ ఓడ అది. సాయంత్రం భోజనానికి బట్టలు మార్చుకుని రావడం ఆ ఓడల్లో ఆనవాయితీ. ఆ సమావేశాల ఫోటోలన్నింట్లో ఆయన సూటులోనే కనిపిస్తారు. ఇప్పుడు ఆలోచించండి. ఆయన కూడా కొల్లాయితో వెళ్ళి ఉంటే? ఎవరూ త్యాగం అనేవాళ్ళు కాదు. అంటరానివాడు అలాగే ఉంటాడు కదా అనేవాళ్ళు. తీసేస్తే గొప్పవాడవడానికి ముందు అది మనకి ఉందని లోకం ఒప్పుకుని ఉండాలి. అందుకే 1927లో మహద్‌లో ఆయన మన ఆడవాళ్ళతో, అంటరానితనాన్ని చాటే ఆ కట్టు మానెయ్యండి, ఆ బరువు నగలు తీసెయ్యండి, పైకులాల వాళ్ళు కట్టినట్టే చీర కట్టండి అని చెప్పారు. ఒక రకంగా అదీ డ్రెస్ కోడే. కాకపోతే గేటు మూయడానికి పెట్టింది కాదు. విగ్రహాల్లో నీలం సూటు చూసి నవ్వే మేధావులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో సూటు వేసుకున్న తాతల ఫోటోలు ఉంటాయి, ఎప్పుడైనా వెళ్తే చూడండి.

చట్టం సంగతి కూడా చూద్దాం. 2014 జూలైలో మద్రాసులో ఓ క్రికెట్ క్లబ్బు, పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జిని లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవైంది. ఆగస్టులోనే తమిళనాడు అసెంబ్లీ చట్టం చేసింది, పంచె కట్టినవాణ్ణి క్లబ్బులూ హాళ్ళూ ఆపకూడదని. మంచి చట్టమే, నాకు పేచీ లేదు. అయితే మన అట్రాసిటీ చట్టంలో, మనవాళ్ళు చెప్పులు వేసుకుని, కొత్త బట్టలు కట్టుకుని బజారులో నడిస్తే అడ్డుకోవడం నేరమని విడిగా, అక్షరాలా రాసింది 2015 సవరణలో. అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. కొత్త బట్టలు అనే మాట ఓ దేశపు శిక్షా చట్టంలోకి రావాల్సి వచ్చిందంటే ఎన్ని ఒళ్ళ మీద దెబ్బలు పడి ఉండాలి? లా చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఆ సెక్షను తీసి చదవండి, మూడో సెక్షనులో చివరి క్లాజుల్లో ఉంటుంది.

ఈ మధ్య ఓడల్లో డ్రెస్ కోడ్‌లు పల్చబడుతున్నాయి. నార్వీజియన్ కంపెనీ 2000లోనే ఫ్రీస్టైల్ అని మొదలుపెట్టి మీ ఇష్టమొచ్చినట్టు రండి అంది. 2021లో ఓడలు నడపడం మొదలుపెట్టిన వర్జిన్ కంపెనీ ఫార్మల్ నైట్ ఊసే ఎత్తలేదు. మిగిలినవాళ్ళు కూడా పేర్లు మార్చి, టై లేకపోయినా ఫరవాలేదని మెత్తబడుతున్నారు. ప్రజాస్వామ్యం వచ్చేసిందని సంబరపడేవాళ్ళున్నారు. ప్రయాణికుడికి వచ్చింది, నిజమే. పెట్టేవాడి బటన్లు ఏ కంపెనీలోనూ ఊడలేదు. అతిథి టీషర్టులోకి దిగాడు, వెయిటర్ మాత్రం గోళ్ళు చూపిస్తూనే ఉన్నాడు. వెనకటి రోజుల్లో దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఒకలాగే ఉండేవాళ్ళన్నాను కదా, ఇప్పుడు ఆ పొరపాటు పడే అవకాశం కూడా పోయింది.

బట్ట ఇంత పెద్ద విషయమా అనేవాళ్ళకి టైటానిక్‌లో జరిగిన ఒక సంగతి చెప్తాను. ఓడ మునిగేటప్పుడు గుగ్గెన్‌హైమ్ అనే కోటీశ్వరుడు లైఫ్ జాకెట్ తీసేసి ఈవెనింగ్ డ్రెస్ వేసుకుని పెద్దమనిషిలా చనిపోయాడని సినిమాల్లో చూపిస్తారు. పక్కనే అలాగే ముస్తాబై చనిపోయిన ఆయన నౌకరు పేరు ఎవరికీ గుర్తుండదు. నేను చెప్పబోయేది ఆ కథ కాదు. ఫస్ట్ క్లాసువాళ్ళ కోసం ఆ ఓడలో ఖరీదైన రెస్టారెంట్ ఒకటి ఉండేది. గాటీ అనే ఇటాలియన్ నడిపేవాడు. దాదాపు 70 మంది పనివాళ్ళు, ఎక్కువమంది ఇటాలియన్లు, ఫ్రెంచివాళ్ళు. వాళ్ళలో బతికింది ముగ్గురు. ఇద్దరు ఆడవాళ్ళు, క్యాషియర్లు. మూడో మనిషి పాల్ మోజే, వంటింటి గుమాస్తా.

1912లోనే లండన్‌లో జరిగిన విచారణలో ఈ మోజే సాక్ష్యం చెప్పాడు. రెస్టారెంట్ పనివాళ్ళను పైకి రానివ్వకుండా స్టూవర్డులు ఆపేశారట. ఆయన్నీ, ఆయనతో ఉన్న వంటమాస్టర్నీ మాత్రం పోనిచ్చారు. ఎందుకు? వాళ్ళిద్దరూ పనిబట్టల్లో లేరు. మామూలు ప్రయాణికుల్లా బట్టలు వేసుకుని ఉన్నారు. వంటమాస్టర్ లావు మనిషి, కిందికి దిగుతున్న పడవలోకి దూకలేకపోయాడు. మోజే దూకాడు, బతికాడు. మిగిలినవాళ్ళ ఒంటిమీద యూనిఫాం ఉంది, అది చాలింది ఆపడానికి. ఆపినవాళ్ళూ నౌకర్లే, వాళ్ళ ఒంటిమీదా యూనిఫామే, అది వేరే దుఃఖం. ఆ బ్రిటిష్ విచారణ లెక్కల్లో ఫస్ట్ క్లాసులో 325 మందికి 203 మంది బతికారు. థర్డ్ క్లాసులో 706 మందికి 178 మంది. ఓడ సిబ్బందిలో 885 మందికి 212 మంది. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. మోజే కోటు సంగతి మాత్రం సినిమాలో లేదు.

ఇవన్నీ ఆ తమ్ముడికి ఫోన్లో చెప్పలేదు, వెళ్ళేముందు బెదరగొట్టడం ఎందుకని. వాడు మంచి ఉద్యోగానికి వెళ్తున్నాడు. ఇంటి అప్పు తీరుతుంది, చెల్లెలి చదువు నడుస్తుంది. అయితే పని విషయాలు ఇక్కడ రాసి పెడుతున్నా, వాడికీ, వాడి వెనక వెళ్ళేవాళ్ళకీ.

తమ్ముడూ, ఏజెంటు ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు అడిగితే ఇవ్వొద్దు. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం అది నిషేధం. మన దేశం 2015లో దానిమీద సంతకం పెట్టింది. ఏజెంటుకి డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో చూసుకో. ఓడెక్కాక నీ విశ్రాంతి గంటలు లెక్క పెట్టుకో. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10, వారంలో కనీసం 77. ఫార్మల్ నైట్ వారంలోనే ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే భోజనం ఆలస్యమవుతుంది, గ్లాసులు రెట్టింపు, మర్నాడు పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌కి మళ్ళీ నువ్వే. మా ఓడలో షీటు ముందే నింపేసి సంతకం పెట్టమనేవాళ్ళు. నువ్వు నీ చిన్న పుస్తకంలో వేరేగా రాసుకో, షీటు కాపీ అడిగి తీసుకో. అది నీ హక్కు, ఎవరి దయా కాదు. నల్ల బూట్లు జారని అడుగుతో ఉన్నవి రెండు జతలు కొనుక్కో, ఒకటి తడిస్తే ఇంకోటి. అరికాలికి మెత్త కూడా వేయించుకో, మొదటి నెల కాళ్ళు వాచిపోతాయి. ఎమర్జెన్సీలో నువ్వు నిలబడాల్సిన చోటూ నీ నంబరూ మొదటిరోజే బట్టీ పట్టు. ఆ చోటికి గదిలోంచి రెండు దారుల్లో నడిచి చూడు, లైట్లు లేకపోయినా వెళ్ళగలిగేలా.

తెలుగువాళ్ళు టేబుల్ మీదకొస్తే ఊరడుగుతారు. ఏం చెప్పాలో నీ ఇష్టం. మన సాటి ఇండియన్ వెయిటర్లు కూడా రెండు రోజుల్లోనే అడుగుతారు, దానికీ సిద్ధంగా ఉండు. ఫిలిప్పీన్స్ వాళ్ళతోనూ ఇండోనేషియా వాళ్ళతోనూ స్నేహం చెయ్యి, వాళ్ళు అడగరు.

నువ్వు అడిగిన చివరి ప్రశ్న, "నేను కూడా ఓ సూటు కొనుక్కోవాలా అన్నా, వేసుకునే చోటుంటుందా?" అని. ప్రయాణికుల హాళ్ళలోకి నిన్ను అలా రానివ్వరు. నెలకోసారి క్రూ బార్‌లో పార్టీ ఉంటుంది, అర్ధరాత్రి డ్యూటీ దిగాక. యూనిఫాంలు విప్పేసి ఎవరి బట్టల్లో వాళ్ళు వస్తారు. లాండ్రీలో పనిచేసే కుర్రాడు కూడా ఆ రాత్రి గుర్తుపట్టలేనట్టు తయారవుతాడు. దానికోసం ఒకటి కుట్టించుకో. రెడీమేడ్ వద్దు, భుజాల దగ్గర సరిగ్గా కూర్చోదు. గుడ్డ తీసుకునే ముందు ఫోటో పంపించు.

జై భీమ్.